పింఛను వస్తోందిగా, ఫాదర్ గారూ!



కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో ఒక అవ్వ ఉండేది. ఊరి పేరు, ఆమె పేరు వద్దు. ఆమె బిడ్డలు ఈ పత్రిక చదువుతారు. భర్త చిన్నవయసులోనే పోతే మిరపకోతలకు, పత్తితీతలకు పోయి ఇద్దరు కొడుకులను పెంచింది. ఆదివారం పూజకు అందరికంటే ముందు వచ్చి స్త్రీల వైపు మొదటి చాప మీద కూర్చునేది. ఆధారు కార్డులో ఎవరో ఆమె వయసు ఆరేళ్ళు తక్కువగా వేశారు. దానివల్ల ఆమె ఈడు వాళ్ళందరికీ వృద్ధాప్య పింఛను వస్తున్నా ఆమెకు రాలేదు. మండల ఆఫీసుకు ఆమె నాలుగుసార్లు తిరిగింది. నేను ఒకసారి వెంట వెళ్ళాను, ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాను. చివరికి మంజూరయింది. మొదటి నెల డబ్బులో నుంచి ఒక పెద్ద కొవ్వొత్తి కొని మరియతల్లి స్వరూపం ముందు వెలిగించి, నా దగ్గరకు వచ్చి దండం పెట్టింది. ఆ రోజు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. ఒక మంచిపని పూర్తయిందనుకున్నాను.

ఆ "పూర్తయింది" అన్న మాట దగ్గరే నేను తప్పటడుగు వేశాను.

ఎనిమిది నెలల తరువాత ఆమె గుడికి రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులని ఉపదేశి గారు చెప్పారు. మొదటి శుక్రవారం దివ్య సత్ప్రసాదం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు చక్కగా ఉంది. శ్లాబు, ముందు గదిలో టైల్సు, గుమ్మం ముందు మోటారు సైకిలు. అవ్వ మాత్రం ఆ గదిలో లేదు. ఇంటి వెనుక వసారాలో, గాలి రాకుండా ఎరువుల సంచులు కుట్టి కట్టిన పరదా చాటున నులకమంచం మీద ఉంది. దివ్య సత్ప్రసాదం ఇచ్చాక మంచం పక్కన స్టూలు మీద బీపీ మాత్రల అట్ట చూశాను. ఒక్కో మాత్రను సగానికి విరిచి పెట్టుకుంది. "ఇదేంటమ్మా" అంటే, "అయిపోతే మళ్ళీ తెచ్చేవాళ్ళు ఉండొద్దా అయ్యా, అందుకని రోజు విడిచి రోజు సగం వేసుకుంటన్నా" అంది.

గమనించండి. ఆ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఆ కేంద్రం రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంట్లో మోటారు సైకిలు ఉంది, ఇంటర్ చదివే మనవడు ఉన్నాడు. లేనిది తెచ్చే మనిషి.

పెద్దకొడుకుని పిలిచి మాట్లాడాను. అతను చెడ్డవాడు కాదు. తాగడు. గుడి పండుగకు చందా ఇస్తాడు. నేను అడిగినదానికి నిజంగానే ఆశ్చర్యపోయి, "పింఛను వస్తోందిగా ఫాదర్ గారూ! ఇంక ఆమెకేం తక్కువ?" అన్నాడు. పింఛను రాకముందు అన్నదమ్ములిద్దరూ వంతులు వేసుకుని ఒక నెల ఒకరు, మరో నెల ఒకరు బియ్యం, ఖర్చులకు కొంచెం డబ్బు ఇచ్చేవారట. పింఛను వచ్చిన నెలనుంచి వంతు ఆగిపోయింది. పైగా ఒకటో తారీకున చేతికి వచ్చిన డబ్బులో చీటీ కోసమని కొంత, సెల్‌ఫోను రీఛార్జి కోసమని కొంత ఇంట్లోవాళ్ళే తీసుకుంటారు. ఉన్నదానికి తోడుగా రావలసినది, ఉన్నదాన్ని తీసేసి దాని స్థానంలో కూర్చుంది.

నేను అతన్ని గట్టిగా మందలించాలనుకున్నాను. నోరు రాలేదు. ఉత్తరం వ్రాసిచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా నేనెన్నిసార్లు ఆమె మంచం దగ్గరకు వచ్చాను? ఒక్కసారీ రాలేదు. "పింఛను వస్తోందిగా" అని నేను నోటితో అనలేదు, అంతే తేడా.

సహోదరులారా, ఈ మాట వ్రాస్తున్నానంటే పింఛనుకు వ్యతిరేకంగా వ్రాస్తున్నానని దయచేసి అనుకోకండి. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛను పథకం మొదలుపెట్టినప్పుడు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో అది 4,000 రూపాయలయింది. ఆ జూలై ఒకటిన పాత బకాయితో కలిపి 7,000 రూపాయలు ఇంటి గడప దగ్గరే చేతికి అందినప్పుడు కళ్ళ నీళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళను మనమంతా చూశాము. ఎండలో నలభై, యాభై ఏళ్ళు ఒళ్ళు వంచి ఈ దేశానికి తిండి పండించిన మనిషికి ముదిమిలో దేశం ఇచ్చేది బిచ్చం కాదు, బాకీ. ఈ మధ్య కొందరు "ఉచితాలు ఇచ్చి జనాన్ని సోమరులను చేస్తున్నారు" అంటుంటారు. అలా అనేవారిలో పంట రుణం మాఫీ అయినవారు, పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు రీయింబర్సుమెంటులో కట్టించుకున్నవారు కూడా ఉంటారు. తమకు వచ్చినది హక్కు, పక్కవాడికి వచ్చినది ఉచితం. ఆ పాటలో నేను గొంతు కలపను.

నా భయం వేరు. ప్రభుత్వం ఇచ్చేది చూసి మనం ఇవ్వడం మానేస్తున్నాము. మానేయడానికి అదొక నెపమవుతోంది. ఈ నెపం కొత్తది కాదు. క్రీస్తు ప్రభువు కాలంలో దానికి ఒక పేరు కూడా ఉంది.

మార్కు సువిశేషం ఏడవ అధ్యాయం తీసి చూడండి. పరిసయ్యులు, ధర్మశాస్త్ర బోధకులు చేతులు కడుక్కోవడం గురించి వాదనకు వచ్చారు. ప్రభువు ఆ వాదనను చటుక్కున తల్లిదండ్రుల మీదకు మళ్ళించారు. అప్పట్లో ఒక ఆచారం ఉండేది. ఒకడు తన సొత్తును 'కొర్బాను' అని ప్రకటిస్తే, అంటే దేవునికి అర్పితమని మొక్కితే, దానిలోనుంచి తల్లికిగానీ తండ్రికిగానీ ఏమీ ఇవ్వనక్కరలేదు. పెద్దలు ఆ మొక్కును ఒప్పుకునేవారు. తల్లి ఆకలితో ఉన్నా కొడుకు భక్తుడే. ప్రభువు దీన్ని ఎంత కఠినంగా ఖండించారో చూడండి. మీ ఆచారంతో దేవుని ఆజ్ఞనే కొట్టివేశారన్నారు. దేవాలయానికి ఇవ్వడం తప్పా? కాదు. ఆ మంచిపనిని తన బాధ్యతకు అడ్డుగోడగా కట్టుకోవడం తప్పు. నేడు మన ఇండ్లలో 'కొర్బాను' అన్న మాట వినబడదు. దాని బదులు "వస్తోందిగా" అంటున్నాము. పింఛను వస్తోందిగా, బియ్యం వస్తోందిగా, ఫీజు వాళ్ళే కడతారుగా, విన్సెంట్ డి పాల్ సభవాళ్ళు చూస్తారుగా, సిస్టర్లు ఉన్నారుగా.

పౌలుగారు తిమోతికి వ్రాసిన మొదటి లేఖ ఐదవ అధ్యాయంలో దీని గురించే ఉంది. ఆ అధ్యాయం చదివితే నాకు మండల ఆఫీసు గుర్తుకు వస్తుంది. ఆనాటి శ్రీసభలో విధవరాండ్రకు ఒక జాబితా ఉండేది. జాబితాలో పేరెక్కాలంటే వయసు అరవై దాటాలి! మన పింఛను కాగితాలలాగే. శ్రీసభ అంత పద్ధతిగా వారిని పోషించింది. అయితే పౌలుగారు ఒక నియమం పెట్టారు. ఆ విధవరాలికి బిడ్డలో మనుమలో ఉంటే, పెంచిన ఋణం తీర్చడం ముందు వాళ్ళు నేర్చుకోవాలి. తన ఇంటివాళ్ళను చూడనివాడు విశ్వాసం లేనివాడికంటే కనిష్ఠుడన్నంత మాట అన్నారు. ఎందుకంటే ఇంటివాళ్ళు తమ బరువు మోస్తేనే, నిజంగా ఎవరూ లేని విధవరాలికి సంఘం సాయపడగలదు. చూశారా, కొడుకు తప్పించుకుంటే నష్టపోయేది వాడి తల్లి ఒక్కతే కాదు. పక్క వీధిలో అసలు కొడుకులే లేని ఇంకొక తల్లి కూడా నష్టపోతుంది.

శ్రీసభ తన సామాజిక బోధనలో దీనికి ఒక సూత్రం ఇచ్చింది. 13వ లియో పోపు గారు 1891లో కార్మికుల విషయమై 'రేరుమ్ నోవారుమ్' అనే విశ్వలేఖ వ్రాశారు. నలభై ఏళ్ళకు, 1931లో, 11వ పయస్ పోపు గారు 'క్వాద్రజేసిమో ఆన్నో' అనే లేఖలో ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పారు. చిన్న సమూహం తాను చేసుకోగల పనిని పెద్ద సమూహం లాగేసుకోరాదు. కుటుంబం చేయగలదాన్ని పంచాయితీ, పంచాయితీ చేయగలదాన్ని రాజ్యం లాక్కోరాదు. పెద్దది ఉన్నది చిన్నదానికి సాయపడడానికి, దాన్ని మింగడానికి కాదు. ఈ సూత్రం పేరు లాటిన్‌లో 'సాయం' అనే అర్థమున్న 'సుబ్సిదియుమ్' అన్న మాట నుంచి వచ్చింది. మనకు బాగా తెలిసిన 'సబ్సిడీ' కూడా ఆ మాట బిడ్డే! పూర్వం రోమా సైన్యంలో ముందు వరుసల వెనుక నిలిపి ఉంచే సైనికులను అలా అనేవారు. ముందువాళ్ళు తట్టుకోలేకపోతే వీళ్ళు వెళ్ళి ఆదుకునేవారు. వెనుక దండు వచ్చిందిగదా అని ముందు వరుసవాళ్ళు ఇంటికి పోయి పడుకుంటే ఆ యుద్ధం ఏమవుతుంది?

2వ జాన్ పాల్ పోపు గారు 1991లో 'చెంతేసిముస్ ఆన్నుస్' లేఖలో ఇదే విషయాన్ని మన కాలానికి అన్వయించారు. బలహీనులను కాపాడడం రాజ్యం విధి అని ఒప్పుకుంటూనే, అన్నీ రాజ్యమే నేరుగా చేయబోతే మనుషులలోని శక్తి ఎండిపోతుందని, ఆఫీసులు, ఖర్చులు పెరుగుతాయని, మనిషి అవసరం అతని దగ్గర ఉన్నవారికే బాగా తెలుస్తుందని హెచ్చరించారు. 16వ బెనెడిక్ట్ పోపు గారు 2005లో వ్రాసిన తమ మొదటి విశ్వలేఖలో, ఎంత న్యాయమైన రాజ్యంలోనైనా ప్రేమ అవసరం తీరిపోదని, బాధలో ఉన్నవాడికి కావలసిన సొంత మనిషి ఆదరణను ఏ యంత్రాంగమూ ఇవ్వలేదని బోధించారు. ఆ సగం మాత్ర చూసినప్పుడు నాకు ఆ బోధన అర్థమైంది. ప్రభుత్వం మాత్ర తయారు చేయించి రెండు కిలోమీటర్ల దాకా తెచ్చింది. మిగిలిన ఆ రెండు కిలోమీటర్లు ఏ జీవోకీ అందవు.

పాత నిబంధనలో రూతు కథ మీకందరికీ తెలుసు. మన రైతు కుటుంబాలు ఆ కథను పట్నంవాళ్ళకంటే బాగా అర్థం చేసుకుంటాయి, ఎందుకంటే పరిగె అంటే ఏమిటో మనకు తెలుసు. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. (వరికోత మిషన్లు వచ్చాక పరిగె కూడా కరువైపోయింది, అది వేరే దుఃఖం.) మోషే ధర్మశాస్త్రం చేను గలవాడికి ఆజ్ఞ పెట్టింది. అంచుల దాకా కోయవద్దు, రాలినదాన్ని ఏరవద్దు, అది పేదలది, పరదేశులది. కనుక రూతు ఏరుకున్నది బోవసు దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. కానీ ఆ చట్టం కంకులను మూటకట్టి రూతు ఇంటికి పంపమనలేదు. ఆమె పొద్దున్నే లేచి, అత్త నవోమితో చెప్పి, ముక్కూమొహం తెలియని ఊళ్ళో చేలకు వెళ్ళింది. రోజంతా నడుము వంచింది. సాయంత్రం తానే దులుపుకుంటే పది కిలోలకు పైగా యవలు తేలాయి. మధ్యాహ్నం తనకు పెట్టిన వేపుడు గింజలలో కడుపు నిండగా మిగిలినవి దాచి ఇంటికి తెచ్చి అత్తకు పెట్టింది. కోడలు, అత్తకు! కన్నకొడుకులు లేని ఆ అత్తకు ఆకలి తీరింది.

బోవసు చేసింది కూడా చూడండి. చట్టం ప్రకారం రాలినది వదిలేస్తే అతని బాధ్యత తీరిపోయేది. అతను అక్కడితో ఆగలేదు. కోతగాండ్రను పిలిచి, పనలలోనుంచి కావాలనే కొన్ని లాగి వదలండి, ఆమెను ఒక్క మాట అనవద్దు అని చెప్పాడు. ఇస్తున్నట్లు తెలియకుండా ఇచ్చాడు. చట్టం, రూతు కష్టం, బోవసు ఔదార్యం, మూడూ ఒకే చేలో ఉన్నాయి. దేనినీ రెండవదానికి బదులుగా పెట్టలేదు.

ఇక్కడ మన శ్రీసభ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు గుడి ఆవరణలో అమెరికా పాలపొడి, గోధుమ నూక, నూనె డబ్బాలు పంచేవారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తరువాత ఇండ్లు కట్టించిన వాటిలో క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. ప్రాణాలు నిలిపిన సాయమది, కాదనను. అయితే చాలాచోట్ల ఒక అలవాటు కూడా మిగిలింది. గుడి గంటకు తాడు తెగితే ఫాదర్ గారు, ప్రహరీ పడిపోతే మేత్రాణులు, శ్మశానానికి దారి లేకపోతే ఎమ్మెల్యే. ఆ అలవాటు చేసింది మేమే. అన్నీ మా చేతిలోనే పెట్టుకున్న గురువులం మీకు చేయి చాచడం నేర్పి, ఇప్పుడు చాచవద్దని ప్రసంగాలు చేస్తున్నాము.

అలాగని బాధ్యత పేరు చెప్పి హక్కులు వదులుకోమనడం మోసం. మన విచారణలలో ఎందరో దళిత కుటుంబాలవారున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవులమని చెప్పుకుంటే వారికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనవారికి ఇవ్వలేదు. దాన్ని అడగడం ఆధారపడడం కాదు. అపోస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని గొణుగుడు పుట్టినప్పుడు, అపోస్తలులు "మీ కష్టం మీరు పడండి" అనలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపకం సరిచేయించారు.

అడగడమూ, చేయడమూ కలిసి నడిచిన ఉదాహరణ మన నేల మీదే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమంలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు, తమ బతుకులాంటి కథనే పాఠంగా చదివి, సారా అంగళ్ళ మీదకు కదిలారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. సర్కారు మూయిస్తుందని వాళ్ళు ఎదురుచూడలేదు. తమ ఊరి అంగడి తామే మూయించారు. తరువాతే సర్కారును అడిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అంతటితో ఇంటికి పోకుండా, తాగుడుకు పోయే రూపాయిని పొదుపు సంఘంలో వేశారు. మన విచారణలలో ఉన్న పొదుపు సంఘాల పుస్తకాలు తెరిస్తే దాని వేరు అక్కడ కనబడుతుంది.

మళ్ళీ అవ్వ దగ్గరకు వస్తాను. 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. బిడ్డలు చూడకపోతే తల్లిదండ్రులు ఆర్డీవో గారి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. పోషణ ఖర్చు ఇప్పిస్తారు. తల్లికి కూడు పెట్టమని దేశం చట్టం చేయవలసి వచ్చిందంటే మనం ఎక్కడికి వచ్చామో ఆలోచించండి. అవసరమైన తల్లులు ఆ చట్టాన్ని వాడుకోవాలి, సిగ్గుపడనక్కరలేదు. నేను ఆమెకు ఆ సంగతి చెప్పాను. "నా బిడ్డల మీద నేను కాగితం పెట్టనా అయ్యా?" అని మొహం అటు తిప్పుకుంది. ఆ మాట ఇంక ఎత్తలేదు.

నేను చేయగలిగింది ఒక్కటే, వెళ్ళడం. ప్రతి వారం కాకపోయినా పదిహేను రోజులకొకసారి వెళ్ళి ఆ వసారాలో కూర్చునేవాణ్ణి. ఫాదర్ గారు ఇంటి వెనుక ఎరువుల సంచుల మధ్య కూర్చుంటే ఇంటివాళ్ళకు ఇబ్బందిగానే ఉండేది. ఆ ఇబ్బంది నేను కావాలనే పెట్టానని ఒప్పుకుంటాను. మరియదళం వారు కూడా అక్కడే జపమాల చెప్పడం మొదలుపెట్టారు. మనవడు మాత్రలు తెచ్చి ఇవ్వసాగాడు. మొదటి రెండు నెలలు గొణుక్కుంటూ, తరువాత మామూలుగా.

తపస్కాలంలో ఒక సాయంత్రం పెద్దకొడుకు పాపసంకీర్తనానికి కాదు, ఊరికే మాట్లాడడానికి వచ్చాడు. ఆ రోజు గుడిలో సిలువ మార్గం అయింది. నేను ప్రసంగంలో, ప్రభువు సిలువ మీద కొన ఊపిరితో ఉండి కూడా తల్లిని యోహాను చేతికి అప్పగించిన సంగతి చెప్పాను. లోకమంతటి రక్షణ పని మీద ఉన్నవాడు, అదొక నెపంగా పెట్టుకుని తల్లి సంగతి మరొకరు చూస్తారులే అనుకోలేదు. అతను దాని గురించి ఏమీ అనలేదు. మెట్ల మీద కూర్చుని చాలాసేపటికి ఇలా అన్నాడు.

"పింఛను రాకముందు అమ్మ మమ్మల్ని అడిగేది ఫాదర్ గారూ. బియ్యం అయిపోయాయిరా అనేది. నడుం నొప్పిగా ఉందిరా అనేది. మాకు విసుగొచ్చేది. పింఛను వచ్చాక అడగడం మానేసింది. అడగట్లేదంటే బాగానే ఉందనుకున్నాం."

నేను దానికి జవాబు చెప్పలేదు. నన్నూ ఆమె ఏమీ అడగలేదు కదా.

వానలు పడేలోపు మంచం వసారాలోనుంచి ముందు గదిలోకి వచ్చింది. ఫ్యాను కింద, టీవీకి ఎదురుగా. కోడలికి అది అంత ఇష్టం లేదని ఉపదేశి గారు చెప్పారు. ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. వంతుల సంగతి మాత్రం అన్నదమ్ముల మధ్య ఇంకా తేలలేదని మొన్న ఆ ఊరివాళ్ళు ఎవరో కనబడి చెప్పారు.